కౌంటీ రోడ్డు మీదికి డ్రైవ్‌వే: టెక్సాస్‌లో అనుమతి తెచ్చుకోవడం ఎలా

డాలస్‌కు ఉత్తరాన, తూర్పున, ఊరికి దూరంగా రెండెకరాలో అయిదెకరాలో కొని ఇల్లు కట్టుకుందామనుకునే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు: నీటి కనెక్షన్ ఉందా, కరెంటు స్తంభం ఎంత దూరం, పిల్లల బడి ఎక్కడ, స్థలం తూర్పు ముఖమా కాదా. రోడ్డు మీద నుంచి కారును లోపలికి ఎక్కడ తిప్పాలి అని అడిగినవాళ్ళను నేను చూడలేదు. నేనూ అడగలేదు. కళ్ళ ముందు పొడుగునా తారు రోడ్డు కనిపిస్తుంటే అది అడగవలసిన విషయమని తోచలేదు.

తారు అంచుకూ మన కంచెకూ మధ్య గడ్డి మొలిచిన కాలువ ఒకటి ఉంటుంది. దస్తావేజులో కొలతలు ఎక్కడిదాకా రాసి ఉన్నా, ఆ జాగా మీద పెత్తనం రోడ్డుది. మన రెవెన్యూ మాటలో చెప్పాలంటే రోడ్డు పోరంబోకు. డ్రైవ్‌వే పర్మిట్ అంటే మీ స్థలంలో మీరు కట్టుకునేదానికి ఇచ్చే అనుమతి కాదు, ఆ పోరంబోకులో మీరు వేసే పది ఇరవై అడుగులకు ఇచ్చేది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, ఇన్‌స్పెక్టర్ అడిగే ప్రశ్నల్లో ఏదీ వింతగా అనిపించదు.

రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి

పల్లెలో ఉన్నంత మాత్రాన రోడ్డు కౌంటీది, అంటే మన జిల్లాలాంటి పాలనా విభాగానిది, కాదు. బోర్డు మీద సి.ఆర్. అని నంబరుతో ఉంటే అది కౌంటీ రోడ్డు. ఎఫ్.ఎం. అని ఉంటే ఫార్మ్-టు-మార్కెట్ రోడ్డు, అంటే రైతులు పంటను బజారుకు తోలుకోవడానికని రాష్ట్రం వేసినది. 1949లో వచ్చిన చట్టంతో వేల మైళ్ళు వేశారు. దారి పొడవునా ఆవులు తప్ప ఏమీ కనిపించకపోయినా, ఎఫ్.ఎం. రోడ్డు రాష్ట్ర హైవేల లెక్కలోనిదే. దానికి అనుమతి ఇచ్చేది కౌంటీ కాదు, అందరూ టెక్స్‌డాట్ అని పిలిచే రాష్ట్ర రవాణా శాఖ. ఆ శాఖకు మీ ప్రాంతంలో ఒక ఏరియా ఆఫీసు ఉంటుంది. అక్కడ ఫారం 1058 అడగండి.

కౌంటీ రోడ్డయితే కథ వేరు. టెక్సాస్‌లో ప్రతి కౌంటీకీ నలుగురు కమిషనర్లు, నాలుగు ప్రిసింక్టులు, అంటే ఒక్కో కమిషనర్‌కు ఒక్కో భాగం. కొన్ని కౌంటీల్లో మీ ప్రిసింక్టు కమిషనర్ ఆఫీసే రోడ్ల సంగతి చూస్తుంది, కొన్నింట్లో ఇంజినీరింగ్ విభాగం చూస్తుంది. దరఖాస్తు పేరు కూడా ఒక్కటిగా ఉండదు. ఒకచోట డ్రైవ్‌వే పర్మిట్, ఇంకొకచోట కల్వర్ట్ (కాలువలో వేసే తూము) పర్మిట్. ఫోను చేసినప్పుడు రోడ్డు నంబరు, స్థలం పన్ను ఖాతా నంబరు దగ్గర పెట్టుకుని, “రోడ్డు నుంచి స్థలంలోకి కొత్త దారి వేసుకోవాలి, దీన్ని మీ దగ్గర ఎవరు చూస్తారు” అని అడిగితే సరిపోతుంది. సాధారణంగా రెండో ఫోనుకు సరైన మనిషి దొరుకుతారు.

మధ్యలో ఇంకో చిక్కుంది. కొన్ని స్థలాలు నగరం బయటే ఉన్నా, నగరం అజమాయిషీ చేసే చుట్టుపట్టీలో ఉంటాయి. అక్కడ నగరాన్ని కూడా అడగాలి. మీ స్థలానికి రోడ్డే తగలకుండా ఇంకొకరి పొలం మీదుగా రావలసి ఉంటే, అది పర్మిట్‌తో తేలే పని కాదు. దారి హక్కు దస్తావేజులో రాసి రిజిస్టరై ఉందా అని కొనకముందే లాయరుకు చూపించండి.

ఇదంతా టెక్సాస్ సంగతి. షార్లట్ వైపు ఉన్నవాళ్ళు కౌంటీ ఆఫీసుకు వెళ్ళి లాభం లేదు. నార్త్ కరోలినాలో 1931 నుంచీ కౌంటీల చేతిలో రోడ్లే లేవు, అన్నీ రాష్ట్రానివి. వర్జీనియాలో కూడా ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు తప్పిస్తే పల్లె రోడ్లు రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి.

ఏడున్నర సెకన్లు

డ్రైవ్‌వే ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం కన్నా చూపు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. మీరు కారు ముందు భాగాన్ని రోడ్డు అంచు దాకా తెచ్చి ఆపినప్పుడు, రెండు వైపుల నుంచీ వచ్చే బండి మీకు ఎంత దూరంలో కనిపిస్తుంది? ఇంజినీర్లు ఈ లెక్కను సెకన్లలో వేస్తారు. రెండు వరుసల రోడ్డు మీదికి ఆగి ఉన్న కారు ఎడమకు తిరిగి ఎక్కాలంటే, వచ్చే బండికీ తనకూ మధ్య ఏడున్నర సెకన్ల వ్యవధి కావాలి. గంటకు 45 మైళ్ళ వేగానికి అది 500 అడుగులు, 55 మైళ్ళకు 610 అడుగులు, 60 మైళ్ళకు 665. మా రోడ్డు మీద వేగం బోర్డే లేదు కదా అనుకోకండి. టెక్సాస్ చట్టం ప్రకారం ఊరి బయట, రాష్ట్రం గానీ కేంద్రం గానీ హైవే నంబరు ఇవ్వని రోడ్డు మీద, బోర్డు లేనిచోట, 60 మైళ్ళ వేగం దాకా చెల్లుతుంది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు, ఖర్చు లేని పని. అనుకున్న చోట తారు అంచు నుంచి 14 అడుగుల పైచిలుకు వెనక్కి, మీ స్థలం వైపు, ఒక మడత కుర్చీ వేసుకుని కూర్చోండి. కూర్చున్నప్పుడు కళ్ళు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. కారులో కూర్చున్న డ్రైవరు కళ్ళు ఉండే ఎత్తు అదే. ఫోనులో స్టాప్‌వాచ్ తెరవండి. దూరాన ఎత్తు మీద కారు కప్పు కనిపించిన క్షణాన నొక్కండి, మీ ఎదురుగా వచ్చినప్పుడు మళ్ళీ నొక్కండి. అటు పది బండ్లు, ఇటు పది బండ్లు. ఏడున్నర కన్నా తక్కువ వస్తుంటే కుర్చీ తీసి ముప్ఫై అడుగులు పక్కకు జరగండి. నేను ఒక శనివారం ఉదయం ఇలా కూర్చుంటే, రెండు పికప్ ట్రక్కులు ఆగి, ఏదైనా సాయం కావాలా అని అడిగి వెళ్ళాయి. మొదట అనుకున్న చోట నాకు పడమటి వైపు అయిదు సెకన్లే వచ్చాయి. రోడ్డు అక్కడ చిన్న దిబ్బ ఎక్కి దిగుతుంది. నిలబడి చూస్తే తెలియదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

కుర్చీ పరీక్ష ఇన్‌స్పెక్టర్ కొలతకు బదులు కాదు. ఆయన వచ్చి కాదంటారో అవునంటారో ముందే తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతే. వీలైతే స్థలం కొనకముందే చేయండి, పొద తొలగిస్తే చూపు పెరుగుతుందేమో గమనించండి. పొద మీ స్థలంలో ఉంటే మీ చేతిలో పని, పక్కవారిదైతే కాదు.

రెండో కొలత, పక్క డ్రైవ్‌వేలకు ఎంత దూరం అన్నది. కౌంటీలు తలా ఒక లెక్క పెట్టుకుంటాయి. టెక్స్‌డాట్ పట్టిక మాత్రం స్పష్టంగా ఉంది: 30 మైళ్ళ వరకు 200 అడుగులు, 40కి 305, 45కి 360, 50కీ ఆపైన వేగానికీ 425 అడుగులు. మూడు వందల అడుగుల ముఖమున్న స్థలానికి, రెండు పక్కలా ఇళ్ళుంటే, 425 ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే మినహాయింపు అడిగే వీలుంది. దరఖాస్తుతో పాటు, ఈ స్థలానికి వేరే దారి లేదని, ఉన్నంతలో చూపు బాగున్న చోటు ఇదని రాసి ఇవ్వాలి. పక్కింటివారితో కలిసి హద్దు మీద ఒకే దారి వేసుకోవడం ఇంకో మార్గం. ఆఫీసుకు అది నచ్చుతుంది, కానీ నిర్వహణ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాసుకోకుండా ఆ పని చేయకండి.

వాస్తు విషయం ఇక్కడే ఎత్తాలి. ఈశాన్యంలో గేటు రావాలని ఇంటి ప్లాను ముందే గీయించి, గ్యారేజీ కూడా దానికి తగ్గట్టు తిప్పి, తరువాత పర్మిట్‌కు వెళ్ళిన మిత్రుడొకరు ఉన్నారు. ఈశాన్యం మూల సరిగ్గా మలుపులో పడింది. ఆఫీసు ఒప్పుకోలేదు, ప్లాను మళ్ళీ గీయించాడు. నమ్మకం ఉంటే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. వరస మాత్రం మార్చండి: ముందు రోడ్డు ఎక్కడ అనుమతిస్తుందో రాతలో తెచ్చుకోండి, సిద్ధాంతిగారికి ఆ తరువాత చూపించండి. రోడ్డు దగ్గర ఎక్కడ లోపలికి వచ్చినా, మీ కంచె దాటాక దారిని ఎటు తిప్పుకుని ఏ వైపు నుంచి ఇంటికి చేరాలన్నది మీ చేతిలోనే ఉంటుంది.

కాలువ, తూము

ఊళ్ళో అయితే పొలానికి బాట కావాలంటే ఒక సిమెంటు తూము తెచ్చి కాలువలో దొర్లించి, రెండు ట్రాక్టర్ల మట్టి పోసేవాళ్ళం. నేను పెట్టుకున్న మొదటి కాంట్రాక్టరూ దాదాపు అదే చేశాడు. పర్మిట్ అక్కర్లేదన్నాడు, తన దగ్గర మిగిలిన 12 అంగుళాల పైపు వేశాడు, సాయంత్రానికి కంకర పరిచి డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. పది రోజులకు మేకుకు కట్టిన నోటీసు కనిపించింది.

ఆ తరువాత వచ్చిన ఇన్‌స్పెక్టర్ కోప్పడలేదు. కాలువలోకి దిగి గడ్డిని చూపించాడు. గడ్డి అంతా ఒకే వైపు వంగి ఉంది, అంటే నీళ్ళు అటు పోతున్నాయి. కంచె కింది తీగకు ఎండు పరకలు, ఒక ప్లాస్టిక్ సంచీ ముక్క చిక్కుకుని ఉన్నాయి. పోయిన వానకు నీరు అంత ఎత్తున నడిచిందన్నమాట. నా పైపు నోరు ఆ గుర్తుకు ఎంతో కిందనే ముగిసిపోయింది. పైపెచ్చు దాన్ని కాలువ అడుగున కాక, అడుగుకు నాలుగు అంగుళాలు పైన పెట్టారు. చిన్న వానకు నీరు దాని వెనక నిలుస్తుంది, పెద్ద వానకు రోడ్డెక్కుతుంది. నీరు రోడ్డెక్కితే తారు కింద నేల నాని, రోడ్డు అంచు విరుగుతుంది. కౌంటీ భయం అదే.

తవ్వి తీసి 18 అంగుళాల పైపు వేయించాను. వెడల్పు ఒకటిన్నర రెట్లే పెరిగినా నీరు పారే జాగా రెండుంబావు రెట్లు అవుతుంది. పైపు ఎంత కావాలో మీరు ఊహించకండి, చాలా కౌంటీల్లో వాళ్ళే చెబుతారు. ఒకసారి నడిచి, మీకు ఎగువన, దిగువన ఉన్న ఇళ్ళ తూములు మాత్రం కొలుచుకుని రండి. ఎగువన 24 అంగుళాల తూము ఉంటే మీకు 18 చాలదని అర్థం చేసుకోవచ్చు. ముడతల ఇనుప పైపు, కాంక్రీటు పైపు, ప్లాస్టిక్ పైపు అని మూడు రకాలున్నాయి. ఏవి ఒప్పుకుంటారో ఫారంలో ఉంటుంది.

పొడవు దగ్గర కూడా తప్పు చేస్తారు. 20 అడుగుల దారికి 20 అడుగుల పైపు కొంటే, రెండు పక్కల మట్టి నిట్టనిలువుగా నిలవదు, జారి పైపు నోళ్ళు మూసుకుపోతాయి. పక్కలు వాలుగా దిగాలి. ఆ వాలుకు సరిపడా పైపు ముప్ఫై అడుగుల దాకా అవసరం రావచ్చు. వాలు ఎంత ఉండాలో కూడా నిబంధనే చెబుతుంది, టెక్స్‌డాట్ రోడ్డయితే నిటారుగా కాక చాలా మెల్లగా దిగాలి. అదుపు తప్పి కాలువలోకి దిగిన కారు మీ దారి గట్టుకు గోడకు గుద్దుకున్నట్టు గుద్దుకోకూడదని ఆ వాలు. పైపు చివరలకు ఏటవాలు మూతులు బిగించమనేది కూడా అందుకే. అక్కడ రాతి గోడ కట్టి సింహాలు నిలబెడతామంటే ఒప్పుకోరు. కమాను మీ కంచె లోపల కట్టుకోండి.

మీ స్థలం వరద పటంలో ఉందేమో చూసుకోవడం అయిదు నిమిషాల పని. కేంద్ర విపత్తు సంస్థ ఫీమా వేసిన పటాలు ఆన్‌లైన్‌లో ఉచితం. కాలువ దగ్గర ‘A’ లేదా ‘AE’ అనే వరద ముప్పు జోన్ పడితే వరద పర్మిట్ విడిగా కావాలి.

దరఖాస్తు

కాగితాలు ఎక్కువేమీ కాదు: దస్తావేజు నకలు, సర్వే పటం, చేత్తో గీసిన బొమ్మ. బొమ్మ అందంగా ఉండనక్కర్లేదు, అంకెలు ఉండాలి. హద్దు రాయి నుంచి డ్రైవ్‌వే నడిమధ్యకు ఎన్ని అడుగులు, రెండు వైపులా పక్క డ్రైవ్‌వేలకు ఎంత, దగ్గరి కూడలికి ఎంత, దారి వెడల్పు, మలుపు వంపు, పైపు సైజు, పొడవు. కాంట్రాక్టరు బీమా పత్రం కొందరు అడుగుతారు. ఫీజు కొన్నిచోట్ల లేదు, కొన్నిచోట్ల వందల్లో ఉంటుంది.

దరఖాస్తు ఇచ్చిన రోజే స్థలంలో రెండు మేకులు కొట్టి గులాబీ రంగు రిబ్బను కట్టండి, డ్రైవ్‌వే రెండు అంచులకు ఒక్కొక్కటి. ఇన్‌స్పెక్టర్ మీరు లేనప్పుడే వచ్చిపోవచ్చు. మేకులు లేకపోతే దరఖాస్తు పక్కన పెట్టేస్తారు, ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి మీకు రెండు వారాలు పడుతుంది.

వెడల్పు తక్కువ రాసుకోకండి. కారుకు 12 అడుగులు చాలు అనిపిస్తుంది. కానీ కాంక్రీటు లారీ నిండుగా ఉంటే 30 టన్నుల దాకా తూగుతుంది, దానికి తిరగడానికి చోటు కావాలి. అగ్నిమాపక బండి కోసం, అగ్నిమాపక కోడు (నిబంధనావళి) అమలులో ఉన్నచోట, 20 అడుగుల వెడల్పు, చెట్టు కొమ్మలు తగలకుండా 13 అడుగుల 6 అంగుళాల ఎత్తు అడుగుతారు. దారి 150 అడుగులు దాటి ముగిసిపోతే బండి తిరిగే జాగా కూడా చూపించమంటారు.

తవ్వేటప్పుడు

పర్మిట్ చేతికొచ్చాక గడువు తేదీ చూసుకోండి. తవ్వడానికి రెండు పనిదినాల ముందు 811కు ఫోను చేయడం చట్టం, పైగా ఉచితం. వాళ్ళు వచ్చి భూమి కింద ఏమున్నాయో రంగులతో గీసి వెళతారు: ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నారింజ ఫోను, ఇంటర్నెట్ తీగలు, నీలం మంచినీళ్ళు. పల్లె రోడ్ల పక్కన పోరంబోకులోనే ఇవన్నీ పోతాయి. ఒక ఫైబర్ తీగ తెగితే దాని బిల్లు మీ డ్రైవ్‌వే మొత్తం ఖర్చును మించవచ్చు.

డాలస్ చుట్టూ నేల నల్లరేగడి. నేలశాస్త్రంలో రేగుర్ అనే మాట మన రేగడి నుంచి వెళ్ళిందే, కాబట్టి దాని స్వభావం మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఆగస్టులో చెయ్యి దూరేటంత బీటలిస్తుంది. దాని మీద నేరుగా కంకర పోస్తే రెండు వానాకాలాల్లో కంకర నేలలో కలిసిపోతుంది. పై మట్టి తీసి, మట్టీ కంకరా కలిసిపోకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద సున్నపురాయి పొడితో కలిసిన కంకర పొరలు పొరలుగా వేసి రోలరుతో అణచండి. తూము పక్కల మట్టిని కూడా ఒకేసారి నింపేయకుండా ఆరేసి అంగుళాల చొప్పున అణచాలి. పైపు మీద కనీసం అడుగు మందం ఉండేటట్టు చూసుకోండి.

పైపు పెట్టగానే, మట్టి కప్పకముందే, ఇన్‌స్పెక్టర్‌ను పిలవండి. కొన్ని కౌంటీల్లో ఇది తప్పనిసరి, కానిచోట కూడా నేనైతే పిలుస్తాను. పైపు రెండు చివరలా టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. తారు అంచు నుంచి దారి మొదట కాలువ వైపు కొంచెం కిందికి దిగి, తరువాత మీ స్థలంలోకి ఎక్కాలి. అలా లేకపోతే మీ వాన నీరు, కంకర రోడ్డు మీదికి వస్తాయి.

గేటు రోడ్డుకు దగ్గరగా పెట్టకండి. గేటు తెరుచుకునే లోపు కారు వెనక భాగం తారు మీద ఉండకూడదు. ట్రైలరు లాగే ఆలోచన ఉంటే 50, 60 అడుగులు లోపలికి జరపండి. పోస్టు డబ్బా మాత్రం పోరంబోకులోనే ఉంటుంది: రోడ్డు నుంచి డబ్బా అడుగుకు 41 నుంచి 45 అంగుళాల ఎత్తు. ఇటుకల దిమ్మె కట్టకండి, బండి గుద్దితే విరిగిపోయే కర్ర స్తంభమే పెట్టాలి.

ఇంకొక మాట ముందే చెప్పవలసింది: చాలా కౌంటీల్లో ఇంటి నంబరు డ్రైవ్‌వే రోడ్డును తాకే చోటును బట్టి ఇస్తారు. నంబరు లేకుండా కరెంటు కనెక్షన్ దరఖాస్తు కదలదు. అందుకే ఇంటి పునాది కన్నా ముందు డ్రైవ్‌వే పని.

అంతా అయ్యాక వచ్చే మొదటి పెద్ద వానకు గొడుగు వేసుకుని తూము దగ్గరికి వెళ్ళండి. ఎగువ నోటి దగ్గర నీరు సుడి తిరుగుతూ నిలుస్తోందా, దిగువన మట్టి కోసుకుపోతోందా చూడండి. కోస్తుంటే అక్కడ పెద్ద రాళ్ళు పరిపించండి. నిలుస్తుంటే ఆఫీసుకు ఫోను చేసి ఫోటో పంపండి. ఏటా ఆకురాలు కాలం అయ్యాక పైపు నోట్లో పేరుకున్న చెత్త తీయడం ఎలాగూ మీ పనే. పర్మిట్‌లో మీరు సంతకం పెట్టిన షరతుల్లో అది ఉంటుంది.